ఆయన తాగని టీ

ఆయన పోయాడని తెలిసిన రోజు నాకు ఏడు ఫోన్లు వచ్చాయి. ఏడుగురూ నన్నే పరామర్శించారు, నేనేదో ఆయన కన్నకొడుకునైనట్టు. బిలాస్‌పూర్ రైల్వే తెలుగువాళ్ళ దృష్టిలో నేను ఇప్పటికీ ఆయన శిష్యుణ్ణే. ఏడో ఫోన్ చేసినాయన గొంతు సవరించుకుని, "ఏ బండి గురించయినా ఆయన ఒక్క అబద్ధం ఆడలేదండీ, అలాంటి మనిషి ఇంక పుట్టడు" అన్నాడు. నేను అవునవునన్నాను. ఫోన్ పెట్టేశాక ఒళ్ళు మండిపోయింది. ఆడాడు. జన్మలో ఒకే ఒక్క అబద్ధం ఆడాడు, అదీ నాతో ఆడాడు.

ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. పొట్టిగా, వెడల్పుగా, మెడ లేనట్టుండేవాడు. గార్డుగా పనిచేసిన మా నాన్నా ఆయనా శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగాలకి కలిసి వచ్చారట. ఆ స్నేహం కొద్దీ నేను బాబాయ్ అనేవాణ్ణి. అంతకు మించి చుట్టరికం ఏమీ లేదు. షెడ్డులో ఏళ్ళ తరబడి సుత్తి మోతల మధ్య పనిచేసి కుడిచెవి పూర్తిగా చెడగొట్టుకున్నాడు. ఎడమచెవి మాత్రం పాము చెవి. ఇంట్లో పిన్ని సరుకుల చిట్టా చదవడం మొదలుపెడితే చల్లగా కుడిచెవి ఆవిడ వైపు తిప్పి కూర్చునేవాడు. ఆవిడకీ ఈ సంగతి తెలుసు. లేచి ఇటుపక్కకి వచ్చి మళ్ళీ ఉప్పు దగ్గర్నుంచి మొదలుపెట్టేది.

ఆ రోజుల్లో మా కాలనీలో కొత్త బండి కొన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. స్కూటరైనా, జీపైనా, పెళ్ళిళ్ళకి తిప్పుకునే పాత కారైనా, అంతా ఒకరు వాడి వదిలేసిందే. కొనే ముందు బాబాయి చెయ్యి పడాలి. ఆయన చూడకుండా బండి కొన్నవాడిని మావాళ్ళు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవారు. దీనికి ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. రానూ పోనూ బస్సు, దారిలో రెండు జర్దా పాన్‌లు, అంతే.

ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ మూడు వస్తువులుండేవి. ఒక సుద్దముక్క, పాత స్పీకర్‌లోంచి ఊడదీసిన అయస్కాంతం, చెక్కపిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్. ఆ స్క్రూడ్రైవర్ జేబులో సగమే పట్టి, మిగతా సగం ఆయన గడ్డానికి తగులుతూ ఉండేది. పెళ్ళికి వెళ్ళినా అంతే. ఓసారి సత్యనారాయణ వ్రతంలో తీర్థానికి వంగితే అది జారి పంచపాత్రలో పడింది. పంతులుగారు ఏమీ అనలేదు, ఆయనా ఆ మధ్యనే ఒక మోపెడ్ కొనే ప్రయత్నంలో ఉన్నాడు.

బండి దగ్గరికి వెళ్ళగానే ఆయన చేసే మొదటి పని ఇంజను మీద అరచెయ్యి వేయడం. కాస్త గోరువెచ్చగా ఉందా, ఇంక మాట్లాడేవాడు కాదు. పక్కనే చతికిలబడేవాడు. "మనం వచ్చే ముందు తిప్పినాడు బాబూ. సల్లగా ఉన్నప్పుడు పలకదు కాబోలు. కూకుందుం, సల్లారనీ" అనేవాడు. అమ్మేవాడు ఎంత తొందరపెట్టినా కదిలేవాడు కాదు. ఒకసారి కుదుదండ్‌లో ఒక బడిపంతులు స్కూటరు కోసం మధ్యాహ్నం దాకా గుమ్మంలో కూర్చున్నాం. పంతులు ట్యూషనుకి వెళ్ళి, పాఠం చెప్పి తిరిగొచ్చాడు కూడా. ఇంజను కడిగి తళతళలాడిస్తే మరీ అనుమానం. "మనకోసం తానం చేయించినాడు. ఏటి దాచినాడో సూడాల."

ఇక టీ సంగతి. ఇది మా కాలనీ వాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆయన టీ అంటే పడి చచ్చేవాడు. రోజుకి ఎనిమిది, పాలు చిక్కగా ఉంటే పది. అమ్మేవాడి ఇంట్లో పరీక్ష అంతా అయ్యాక ఎలాగూ టీ వస్తుంది, అది ఆ ఊరి మర్యాద. ఆయన ఆ టీ తాగితే బండి కొనొచ్చు. తాగకుండా "పేట్ ఠీక్ నహీ హై", కడుపు బాగోలేదు, అని గ్లాసు కింద పెట్టేస్తే మనం నమస్కారం పెట్టి లేచి వచ్చేయాలి. అమ్మేవాడి ముఖం మీద నీ సరుకు బాగోలేదనడం ఆయనకి చేతకాదు. "ఆడూ పిల్లలున్నోడే బాబూ, ఆడి గుమ్మంలో కూకుని ఆడి సరుకునెలా తిడతాం?" అనేవాడు. కారణం కూడా అక్కడ చెప్పేవాడు కాదు. ఆ చెడ్డ కబురు మర్నాడు తీరిగ్గా ఇంటికొచ్చి చెప్పేవాడు.

ఒకసారి రైల్వే ఆసుపత్రి వెనక ఒక జీపు చూడ్డానికి వెళ్ళాం. ఈయన కడుపు బాగోలేదన్నాడు. ఆ ఇంటావిడ చాలా మంచి మనిషి. లోపలికి పరిగెత్తి వామూ, నల్ల ఉప్పూ, వేణ్ణీళ్ళూ తెచ్చి నిలబడి మింగించింది. అంతటితో వదలకుండా రెండు రోజులు పెరుగన్నం తప్ప ఏమీ తినొద్దని ఒట్టు వేయించుకుంది. దారిపొడవునా ఆయన వాము తేన్పులతో నన్ను తిడుతూనే ఉన్నాడు, జీపు నేనే చూపించానని. అయినా ఆవిడ మీద గౌరవంతో రెండు రోజులూ పెరుగన్నమే తిన్నాడు. అలాంటి మనిషి. ఇవన్నీ తలుచుకుంటే నాకు ఈ రోజుకీ నవ్వొస్తుంది, అదే నా బాధ. ఆయన్ని పూర్తిగా అసహ్యించుకునే అవకాశం కూడా ఇవ్వలేదు నాకు.

మా నాన్న డ్యూటీలో పోతే ఆ ఉద్యోగం బదులు నాకు బుకింగ్ ఆఫీసులో గుమాస్తా పని ఇచ్చారు. ఇరవయ్యో ఏట టికెట్ల కన్నం వెనక కూర్చున్నాను. కన్నంలోంచి చెయ్యి వస్తుంది, ఊరి పేరు వినిపిస్తుంది, నేను టికెట్టు కొట్టి తోస్తాను. మనిషి ముఖం కూడా సరిగా కనపడదు. వారానికి ఒక రోజు రెస్టు. ఆ ఒక్క రోజూ బాబాయి వెంట తిరిగేవాణ్ణి. ప్లగ్గులు ఊడదీసి వరసగా కాగితం మీద పేర్చడం, వాటి మసి రంగు చూడ్డం, ప్లగ్గు ఊడదీసిన కన్నం మీద బొటనవేలు అదిమి పెట్టి ఇంజను తిప్పితే లోపలి గాలి వేలిని ఎంత గట్టిగా తంతుందో తెలుసుకోవడం, ఇవన్నీ ఆయనే నేర్పాడు. స్క్రూడ్రైవర్ కొన ఇంజను మీద ఆనించి, చెక్కపిడి చెవి వెనక ఎముక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. తర్వాత నాకిచ్చి, "ఇప్పుడు నువ్విను. ఏటి ఇనిపిస్తంది?" అనేవాడు.

మొదట్లో నాకు మోత తప్ప ఏమీ వినిపించేది కాదు. ఏడాది పట్టింది. తర్వాత ఒక్కొక్కటే విడివిడిగా తెలియసాగింది. ఇది వాల్వు, ఇది గొలుసు, ఇది బేరింగు అరిగిన గరగర. ఆరేళ్ళలో నాకు ఆ పని మీద పిచ్చి పట్టింది. ఆఫీసులో కూర్చుని బయట రిక్షాస్టాండు పక్కన ఆగే జీపుల జబ్బులు చెప్పేవాణ్ణి. సహోద్యోగులు నవ్వేవారు. నేను పట్టించుకోలేదు. అంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

ఒకసారి బొగ్గు కాంట్రాక్టరు ఒకతని విదేశీ కారు బాగుచేయడానికి నాగపూర్ నుంచి ఒక గ్యారేజీ యజమాని వచ్చాడు. పాత విదేశీ స్పోర్ట్స్ కార్లు తిరగకట్టడం ఆయన వృత్తి. సాయానికి బాబాయిని పిలిస్తే నేనూ వెళ్ళాను. ఆ యజమాని రెండు రోజులు నా పని గమనించి, మూడో రోజు నన్ను పక్కకి పిలిచాడు. అలాంటి కారొకటి తన దగ్గర ఇంజను లేకుండా పడి ఉందట. దానికి ఇంజనూ గేర్‌బాక్సూ జతగా ఎక్కడైనా దొరికితే నన్నే చూసి తెమ్మన్నాడు. ఖర్చు ఆయనదే. సరైనది తెస్తే అక్కడే ఉండిపొమ్మన్నాడు, పనీ గదీ ఇస్తానన్నాడు. చెడ్డది తెస్తే మాత్రం ముఖం చూపించొద్దన్నాడు. ఇదంతా నవ్వుతూనే చెప్పాడు కానీ నేను నవ్వలేదు. నాకు ఇరవయ్యారేళ్ళు, ఆ టికెట్ల కన్నం వెనక్కి మళ్ళీ వెళ్ళక్కర్లేదన్న ఊహతో ఆ కారు రకం పేరు అక్కడే అరచేతి మీద రాసుకున్నాను.

ఆ చలికాలంలోనే రతన్‌పూర్ రోడ్డు మీది ఒక రైస్‌మిల్లు నుంచి కబురొచ్చింది. మిల్లు సేఠ్ తమ్ముడు బొంబాయి నుంచి తెచ్చుకున్న ఎర్ర కారు లారీని గుద్దిందట. మనిషి బతికాడు, కారు ముందుభాగం నుజ్జయింది. సరిగ్గా మాకు కావలసిన రకం అదే. ఆ కార్లకి ఇంజను వెనక ఉంటుంది. గేర్లూ, వెనక చక్రాల్ని తిప్పే ఇరుసు పళ్ళూ కలిపి ఒకే పెట్టెలో పెట్టి దాన్ని ఇంజనుకి బిగిస్తారు. ఆ ముద్ద మొత్తం ఊడదీసి అమ్ముతామన్నాడు సేఠ్. ఇక మిగిలింది బాబాయి చూడ్డమే. నేను ఉద్యోగానికి రాజీనామా ఇంగ్లీషులో రాసి, సంతకం పెట్టి, ట్రంకుపెట్టె అడుగున దాచుకున్నాను. తేదీ మాత్రం వేయలేదు.

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళాం. మిల్లు వెనక ఊక బస్తాల పక్కన కారు ఉంది. రెండే సీట్లు, నా నడుము ఎత్తు కూడా లేదు. బాబాయి వెనక మూత ఎత్తి అరచెయ్యి పెట్టాడు. మంచులా ఉంది. ఇంజను మీద ధూళీ, ఊకపొట్టూ అలాగే ఉన్నాయి, ఎవరూ కడగలేదు. సేఠ్ ఊళ్ళో లేడు, మిల్లు లెక్కలు రాసే మునీమ్ ఒక్కడే ఉన్నాడు. అతనికి బియ్యం తప్ప ఏమీ తెలియదు, అంచేత అబద్ధం చెప్పే అవసరమే లేదు.

ప్లగ్గులు నేనే ఊడదీశాను. అన్నీ ఒకే రంగు, బిస్కెట్టు రంగు, ఒక్కటి కూడా నూనెతో తడవలేదు. బొటనవేలితో చూశాం, అన్నీ ఒకే బలంతో తన్నాయి. ఆయిలు కొలిచే పుల్ల బయటికి తీసి ఆయన వేళ్ళ మధ్య రుద్దాడు, వాసన చూశాడు. నాకిచ్చాడు. మాడు వాసన లేదు, వేళ్ళకి గరుకు తగల్లేదు. మిల్లు ట్రాక్టరు బాటరీ తెచ్చి కలిపి, సీసాతో పెట్రోలు అందించి తిప్పితే రెండో తిప్పుకే అందుకుంది. బాబాయి స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని చాలాసేపు కళ్ళు తెరవలేదు. ఆ తర్వాత నాకిచ్చాడు. కానీ ఏం వినిపిస్తోందని ఆ రోజు అడగలేదు.

నాకు వినిపించింది. ప్రతి వాల్వూ సమంగా, ఒకదాని వెనక ఒకటి, తడబాటు లేకుండా పలుకుతోంది. కింద బేరింగుల గరగర లేనే లేదు. యాక్సిలరేటరు గట్టిగా తొక్కి ఒక్కసారి వదిలాను. లోపలికి ఆయిలు కారుతుంటే అప్పుడే నీలంపొగ వస్తుంది. రాలేదు.

తర్వాత గేర్లు. ఇంజను ఆపేసి, జాకీలతో వెనక చక్రాలు గాల్లోకి లేపాం. గేరులో ఉంచి ఎడమ చక్రం తిప్పితే కుడిది ఎదురు దిక్కుకి మెత్తగా తిరిగింది. పళ్ళు పట్టుకునే ముందు చక్రం ఎంత లూజుగా ఊగుతుందో చూశాడు, ఊగనే లేదు. మళ్ళీ ఇంజను నడిపిస్తూ నేను గేర్లన్నీ పైకీ కిందికీ మార్చాను. పై గేరు నుంచి రెండోదానిలోకి దించినప్పుడు కూడా కరకరలాడలేదు, అక్కడే ముందు అరుగుతాయి. కింద బిరడా వదులు చేసి గేరు ఆయిలు దోసిట్లో పట్టి అయస్కాంతం తిప్పితే సన్నటి బూడిదలాంటిది తప్ప ఒక్క ఇనుప పెంకు కూడా అంటుకోలేదు.

ఇక మిగిలింది గుద్దిన అదురుకి పెట్టె ఎక్కడైనా చిట్లిందా అన్నది. దానికి షెడ్డులో ఇరుసులకి చేసే పరీక్షే చేశాడు. పెట్టెకంతా కిరసనాయిలు పూసి, కాసేపుంచి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి రాశాడు. పగులుంటే అందులో దూరిన కిరసనాయిలు పైకి ఊరి సుద్ద మీద నల్లగీత కనిపిస్తుంది. ఇద్దరం నేల మీద పడుకుని టార్చి వేసి చూశాం. తెల్లగా ఉంది. ఎక్కడా గీత లేదు.

అప్పుడు మునీమ్ టీ తెప్పించాడు. స్టీలు గ్లాసుల్లో, మీద మీగడ తేలుతూ, ఏలకుల వాసనతో. బాబాయి గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. పెదవుల దాకా కూడా తీసుకెళ్ళాడు. ఆయన నా వైపు ఒకసారి చూశాడు, గ్లాసు కింద పెట్టాడు. "పేట్ గడ్‌బడ్ హై మునీమ్‌జీ" అన్నాడు.

నాకు ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ ఒక్కసారి ఇంజను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఏదో ఉంది, నాకు వినిపించనిది ఆయనకి వినిపించింది అనుకున్నాను. ఆరేళ్ళలో ఆయన గ్లాసు తప్పు చెప్పడం నేను చూడలేదు. మునీమ్‌కి నమస్కారం పెట్టి వచ్చేశాను.

బస్సులో నన్ను తన కుడిపక్కన కూర్చోబెట్టాడు. అప్పుడది గమనించలేదు. "ఏటి బాబాయ్, ఎక్కడుంది జబ్బు? గేర్లలోనా?" అని అడిగాను. కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. భుజం తట్టి మళ్ళీ అడిగితే, "ఒగ్గీ బాబూ. అది మనకొద్దు" అన్నాడు. మర్నాడు ఇంటికొచ్చి కారణం చెప్తాడనుకున్నాను. రాలేదు. నేను వెళితే పిన్ని ఆయన షెడ్డుకి వెళ్ళాడంది. నేను నాగపూర్‌కి ఉత్తరం రాశాను, సరుకు బాగోలేదు, ఇంకోటి వెతుకుతానని. జవాబు రాలేదు.

వానాకాలం మొదలయ్యాక సదర్ బజార్‌లో బెల్టుల దుకాణం దగ్గర మిల్లు మునీమ్ కనిపించాడు. నన్ను చూడగానే సంబరపడిపోయాడు. "అరే బాబూ! ఆప్‌కే చాచా కా పేట్ అబ్ కైసా హై?" అని బాబాయి కడుపు ఎలా ఉందో అడిగి నవ్వాడు. ఆ ఇంజను అమ్ముడైపోయిందన్నాడు. దుర్గ్ నుంచి ఒక కుర్రవాడు వచ్చి కొన్నాడట, చూసి పెట్టింది మళ్ళీ మీ చాచాయేనన్నాడు. ఈసారి కడుపు బాగానే ఉంది, వరసగా రెండు టీలు తాగాడు, మీగడ కూడా వదల్లేదు అన్నాడు. ఆ కుర్రవాడు సరుకుతో సహా నాగపూర్‌లో ఏదో పెద్ద గ్యారేజీలో చేరిపోయాడని కూడా అన్నాడు. అతను మంచి మనసుతోనే చెప్పాడు. నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. అతను కంగారుపడి నీళ్ళు తెప్పించాడు.

అక్కణ్ణుంచి నేరుగా బాబాయి క్వార్టరుకి వెళ్ళాను. వాకిట్లో సైకిలు తలకిందులుగా పెట్టి గొలుసు తుడుస్తున్నాడు. నేను ఎడమపక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"రతన్‌పూర్ ఇంజను బాగుందా, బాగోలేదా?"

ఆయన చెయ్యి ఆపలేదు. "బాగున్నాది" అన్నాడు.

"మరి నాతో బాగోలేదని..."

"నీతో నానేటీ అన్నేదు బాబూ. మునీమ్‌తో కడుపు బాగోలేదన్నాను."

నాకు ఆ సైకిలెత్తి ఆయన మీద వేద్దామన్నంత కోపం వచ్చింది. బూతులు తిట్టాను కూడా. తండ్రి లాంటి మనిషిని తిట్టకూడని మాటలు తిట్టాను. ఆయన అన్నీ ఎడమచెవితోనే విన్నాడు, పక్కకి తిరగలేదు. చివరికి గుడ్డ పక్కన పెట్టి, "మీ అమ్మ ఓ కాయితం తెచ్చింది" అన్నాడు. "ఇంగిలీసులో ఉన్నాది. ఏటిది బాబూ, సదివి సెప్పు అన్నాది. సదివినాను. సదివిన కాడ్నుంచి ఆవిడ మా గుమ్మంలో కూకుండిపోనాది. ఈడు ఉద్యోగం ఒగ్గేస్తే క్వార్టరు ఖాళీ సెయ్యమంటారు, నానెక్కడికెల్తాను, ఆ ఇంజను సెడ్డదని ఒక్క మాట సెప్పు బాబూ అని ఒకటే ఏడుపు."

"వెళ్ళొద్దని నాతోనే చెప్పొచ్చుగా?"

"సెప్తే ఇంటావేటి?"

"వినను."

"మరదే."

"మరి ఆ దుర్గ్ వాడికెందుకు బాగుందని చెప్పావు? వాడికీ అదే అబద్ధం చెప్పొచ్చుగా?"

ఆయన నిజంగా ఆశ్చర్యపోయి నా ముఖంలోకి చూశాడు. "ఆ గుంటడు పరాయోడు బాబూ. పరాయోడితో అబద్ధమెందుకాడతాను?"

కన్నీళ్ళు వచ్చాయి, అవి ఆయన ముందు కారడం నాకిష్టం లేదు, వచ్చేశాను. ఇంట్లో అమ్మ బియ్యం ఏరుతోంది. నా ముఖం చూడగానే ఆవిడకి తెలిసిపోయింది. "కాయితం పెట్టె అడుగునెడితే నాకు కనిపించదనుకున్నావేటి? మీ నాన్న పోయినప్పుడు ఇలాంటి కాయితాలు ఎన్ని సూసినాను" అంది. తర్వాత చాటలోని బియ్యం మీదే కళ్ళు పెట్టుకుని, "నీకు ముద్ద దిగితే నాకు దిగుతాది నాయనా, ఆ ముద్ద కోసమే అడిగినాను" అంది. అమ్మని నేను ఏమీ అనలేకపోయాను. ఆవిడ భయం ఆవిడది. ఆవిడ నాకు ఇంజన్ల గురించి నిజం చెప్తానని ఎప్పుడూ మాటివ్వలేదు. బాబాయి ఇచ్చాడు. నోటితో కాకపోయినా, ఆరేళ్ళపాటు ప్రతి ఆదివారమూ ఇచ్చాడు.

ఆ తర్వాత నేను ఆయనతో మాట్లాడలేదు. కాలనీలో పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పక్కకి తప్పుకునేవాణ్ణి. ఎవరైనా, "ఏటి, గురువుగారితో వెళ్ళట్లేదా?" అంటే పని ఎక్కువైందనేవాణ్ణి. బండ్లు చూడ్డం కూడా మానేశాను. అసలు నష్టం అది. నాకు చెవి ఉంది, కానీ ఏ ఇంజను విన్నా, ఇది నాకు బాగుందనిపిస్తోంది, నిజంగా బాగుందా అని సందేహం పట్టుకునేది. మావాళ్ళు దీన్ని వింటే, పోనీలేవయ్యా, పెద్దాయన నీ మేలే కోరాడు, ఉద్యోగం నిలిచింది, క్వార్టరు నిలిచింది, అమ్మని చివరిదాకా చూసుకున్నావు అంటారు. అన్నీ నిజమే. నాగపూర్ గ్యారేజీ నిలిచిందో మూతపడిందో నేను వాకబు చెయ్యలేదు, చెయ్యను కూడా. అక్కడికి వెళ్ళి నేను దివాలా తీసేవాణ్ణేమో. తీస్తే నేనే తీసేవాణ్ణి.

చివరిసారి ఆయన్ని చూసింది రిజర్వేషన్ కౌంటరు దగ్గర. అప్పటికి కంప్యూటర్లు వచ్చేశాయి, నన్ను అక్కడికి మార్చారు. ఆయన రిటైరై చాలాకాలమైంది. అద్దం కింది కన్నంలోంచి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి రిటైర్మెంటు పాసూ, నింపిన ఫారమూ తోసింది. గోళ్ళ అంచున నల్లటి గ్రీజు గీతలు చూసి ఎవరో గుర్తుపట్టాను. ఇద్దరికి, ఊరికి. వెళ్ళడానికే రాశాడు, తిరుగు ప్రయాణం రాయలేదు. నేను తలెత్తకుండా పని మొదలుపెట్టాను.

"బాబూ" అన్నాడు. ఆయన వంగి ఎడమచెవి కన్నానికి ఆనించాడు. వెనక ఇరవైమంది లైను.

"ఒక్కటి సెప్పు బాబూ. ఆ రోజు నువ్వు కూడా ఇన్నావు కదా. నీకేటి ఇనిపించింది?"

చెప్పకూడదనుకున్నాను. నోరు దానంతటదే చెప్పేసింది. "బాగుందనే వినిపించింది."

"గేర్లు?"

"బాగున్నాయి."

"సుద్ద మీద గీత కనిపించిందా?"

"లేదు."

ఆయన చెవి తీసి, వంగినవాడు వంగినట్టే నా ముఖంలోకి చూశాడు. "మరైతే ఎందుకు కొన్నేదు బాబూ? నీ సెవితో నువ్వు ఇన్నాక, నా గ్లాసు వేపు ఎందుకు సూసినావు? బస్సెక్కేదాకా నాకు బయమే, నువ్వు ఎనక్కెల్లి కొనీస్తావేమోనని. నువ్వు ఎనక్కి తిరగనే లేదు."

ఆయన గొంతులో నింద లేదు. అదే నన్ను చంపింది. ఇన్నేళ్ళూ ఆయనకి కూడా ఆ సంగతి అర్థం కాలేదన్నమాట, నిజంగానే తెలుసుకుందామని అడుగుతున్నాడు. నువ్వు చెప్పావని కొనలేదు బాబాయ్, నా చెవి కంటే నీ మాట పెద్దదనుకున్నాను, నీ దగ్గర నేను నేర్చుకున్న మొదటి విషయం అదే అని చెప్పాల్సింది. లైనులో వెనక ఎవరో గట్టిగా గదమాయించారు. ప్రింటరు ఆగింది. నేను పాసూ టికెట్టూ కలిపి కన్నంలోంచి తోసి, తర్వాతవాళ్ళు రండి అన్నాను.